తడి గోనె

కార్తీకమాసంలో నాకు ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. ఏడవని పిల్లని మావయ్య తువ్వాల్లో చుట్టి తీసుకెళ్ళి పూడ్చి వచ్చాడు. పుష్యమాసానికల్లా నేను ఆయన పడవెక్కి, మొగ దగ్గర చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చే సముద్రపు తాబేళ్ళను పూడ్చే పనిలో పడ్డాను. మొగ అంటే మా గోదావరి సముద్రంలో కలిసే చోటు. యానాం నుంచి పాటు మీద, అంటే నీళ్ళు సముద్రంలోకి తీసేటప్పుడు దిగితే, మూడు గంటల దూరం.

ఎనభై ఆరు వరద మావైపు అందరికీ గుర్తే. దానికి ముందు వచ్చిన శీతాకాలం సంగతి ఇది. ఆ శీతాకాలాన్ని మా పేటలో ఇంకెవరూ గుర్తు పెట్టుకోలేదు. పెట్టుకునేంత ఏమీ జరగలేదు కూడా. తుఫాను రాలేదు, పడవ మునగలేదు, మనిషి పోలేదు. పుట్టగానే పోయినదాన్ని ఊరు మనిషి కింద లెక్కెయ్యదు.

మావయ్య పేరు అమ్మన్న. నాకు మామగారే కాదు, మా అమ్మకి స్వయానా తమ్ముడు. అందుకే ఆయన్ని నువ్వు అనే పిలిచేదాన్ని. మా అత్త నాగమణి మంగళవారం సంతలో చేపలమ్మేది. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. నా మొగుడు చిన్నారావు కాకినాడలో మరబోటు మీద పనిచేసేవాడు. ఎక్కితే పది రోజులు, దిగితే రెండు రోజులు. పిల్ల పుట్టిన రోజున ఆయన సముద్రం మీద ఉన్నాడు. దిగి వచ్చేసరికి నా పురుడు కూడా వెళ్ళిపోయింది. గుమ్మంలో నిలబడి, కాళ్ళు కడుక్కుని, అన్నం పెట్టమన్నాడు. పెట్టాను.

నేను బాగానే ఉండేదాన్ని. అదే అందరికీ భయమేసిన సంగతి. పొద్దున్నే లేచేదాన్ని, చేపలు కోసేదాన్ని, అన్నం కలుపుకుని తినేదాన్ని. పేటలో ఆడవాళ్ళు వచ్చి "మళ్ళీ పుడతార్లేయే" అనేవారు. అలాగే అనేదాన్ని. పాలు ఆగడానికి అత్త గుడ్డ బిగించి కట్టింది. నాలుగు రోజులకి అవీ ఆగిపోయాయి. "ఏడవ్వే, ఏడిత్తే తేలిగ్గుంటాది" అని అత్త నా వీపు మీద చరిచేది. ఆవిడ చరుపుకి ఎవరైనా ఏడవాలి. నాకు మాత్రం రాలేదు. లోపల ఏమీ లేదు, అంతే.

పిల్లని ఎక్కడ పెట్టారో తల్లికి చెప్పరు మాలో. చెబితే కాళ్ళు అటే లాగుతాయంటారు. నేనూ అడగలేదు.

ఒకరోజు మావయ్య వల సర్దుకుంటూ తలెత్తకుండా అన్నాడు.

"వత్తావేంటమ్మాయ్, పడవ మీదికి?"

"వత్తాను."

అత్త చేతిలో చేట కింద పడేసింది. "బాగుంది వరస. మడ అడవిలోకి గుల్లలు ఏరడానికైతే అందరం ఎల్తాం. మొగకాడికి ఆడకూతుర్ని ఎక్కించుకెల్తాడంట! ఎవరైనా నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వినోళ్ళ ఇంటికెల్లి నువ్వు కబుర్లాడు" అన్నాడు మావయ్య. ఆయన అత్తకు ఎదురు చెప్పడం నేను అంతకు ముందు వినలేదు. ఆవిడా విని ఉండదు. పడేసిన చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అలా వెళ్ళాను. తెరచాప దగ్గర తాడు పట్టుకోవడం, పడవలో చేరిన నీళ్ళు డబ్బాతో తోడి పొయ్యడం నా పని. రెండు పక్కలా మడచెట్లు. దాటాక నీళ్ళు తప్ప ఏమీ ఉండదు. మాట్లాడమని ఎవరూ అడగరు. నాకది హాయిగా ఉందని చెప్పను. హాయి అంటే కొంచెం ఏదైనా తెలియాలి కదా. ఎవరూ కదిలించకుండా ఉండేది, అంతవరకే.

మొగ దగ్గర సముద్రం వైపున ఒక పెద్ద ఇసుక మేట ఉండేది. తొంభై ఆరు తుఫానులో కొట్టుకుపోయింది, ఇప్పుడు లేదు. ఆ మేట మీదికి ప్రతి పోటుకీ ఏవేవో కొట్టుకొచ్చేవి. తెగిన నైలాను వలలు, బోట్లలోంచి విసిరేసిన నూనె డబ్బాలు, హవాయి చెప్పులు. వాటితోపాటు తాబేళ్ళు. ఒక్కొక్కటీ నలభై కేజీలుంటుంది. ఆకుపచ్చో బూడిదో చెప్పలేని రంగు. గుడ్లు పెట్టడానికి ఒడ్డు కోసం వచ్చేవి ఇవి. వస్తూ వస్తూ వలల్లో పడి, ఊపిరాడక పోయి, ఇలా తేలేవి.

మావయ్యకి తాబేలు దేవుడు. మాలో చాలామందికి అంతే. బతికుండగా మా వలలో పడితే వల కోసి అయినా సరే తీసి, వీపు మీద పసుపు రాసి, కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టి నీళ్ళలోకి వదిలేస్తాం. చచ్చి దొరికితే పోటునీళ్ళు అందని పొడి ఇసుకలో గొయ్యి తీసి, తూర్పుకి తల పెట్టి, అదే పసుపూ అదే కుంకుమా పెట్టి పూడుస్తాం. కంటబడ్డ వెంటనే పూడ్చాలి. దేవుడి ఒళ్ళు ఎండకి వాసన రాకూడదు. వల వెయ్యడం మానేసి అయినా సరే, ముందు ఆ పని చెయ్యాలి. మావయ్య తండ్రి అలా చేసేవాడు, ఆయన తండ్రీ అలాగే.

అయితే వాళ్ళ రోజుల్లో ఏడాదికి ఒకటో రెండో దొరికేవి. కాకినాడ మరబోట్లు రొయ్య కోసం ఒడ్డుకి దగ్గరగా వచ్చి లాగడం మొదలుపెట్టాక రోజుకొకటి, రెండు. ఆ శీతాకాలం మా వేటలో సగం పొద్దు గోతులు తియ్యడానికే పోయింది. ఆ బోట్లలో ఒకదాని మీదే నా మొగుడు పనిచేస్తున్నాడు, ఆ బోటు మీద వచ్చిన డబ్బుతోనే మేం బియ్యం కొంటున్నాం. కొడుకు ముంచినవాటిని తండ్రి పూడుస్తున్నాడు. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తేవారు కాదు.

గోతులు నేనే ఎక్కువ తీసేదాన్ని. మావయ్యకి నడుం నొప్పి. ఇసుక తవ్వడం నాకు బాగా కుదిరింది. మోచేతిదాకా చెయ్యి దింపి, తడి తగిలేదాకా తియ్యాలి. మావయ్య "పో తండ్రీ, సల్లగా పో" అనేవాడు. నేను ఇసుక తోసేదాన్ని. చేతులు కడుక్కుని వేటకు పోయేవాళ్ళం.

మాఘమాసంలో ఒకరోజు పొద్దున్న పోటుకి రెండు తాబేళ్ళు ఒకేసారి వచ్చి పడ్డాయి. రెండూ ఆడవే. మెడలు వేలాడిపోయి, కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి. చేత్తో తడితే చలనం లేదు. ఒకదాన్ని పూడ్చేశాం. రెండోదానికి గొయ్యి మొదలుపెడుతుండగా ఉమామహేశ్వరం వచ్చాడు.

అతను వైజాగ్‌లో పెద్ద చదువు చదువుతున్న మనిషి. పాతికేళ్ళుంటాయి. ఎండకి మొహం కాలిపోయి, మెడలో కెమెరా, చేతిలో పసుపురంగు పెయింటు డబ్బా, చంకలో రిజిస్టరు. చచ్చిన తాబేళ్ళను కొలిచి, డిప్ప మీద నంబరు వేసి రాసుకోవడం అతని పని. ఇంత చదివి ఇదేం పనిరా నాయనా అని పేటలో అందరూ నవ్వుకునేవారు.

"అమ్మన్న గారూ, మీరు ఇలా పూడ్చేస్తూ ఉంటే నా లెక్క పోతోందండీ" అన్నాడు.

"లెక్కలకేముందండి బాబూ, ఇంకోటి రాసుకోండి."

"అలా కాదండీ. ఇక్కడ ఇన్ని చచ్చిపోతున్నాయని కాగితం మీద ఉంటేనే కదా, బోట్లని ఒడ్డుకి దూరంగా పొమ్మని ఎవరైనా చెప్పేది. మీరు పూడ్చేసినవి ఎవరికీ కనిపించవు. ఇక్కడ ఏమీ చావట్లేదు అంటారు. ఒక్కరోజు ఉంచండి చాలు. రేపు పొద్దున్నే వచ్చి నంబరు వేసుకుంటాను. తరవాత మీ ఇష్టం."

"ఒక్కరోజు దేవుణ్ణి ఎండలో పడుకోబెట్టమంటారా?" మావయ్య గొంతు మారింది. "మా అయ్య సూత్తే నన్ను నరుకుతాడండి."

ఆ పెద్దాయన పోయి ఇరవై ఏళ్ళయింది. ఉమామహేశ్వరానికి అది తెలియదు. పాపం, భయపడి రెండడుగులు వెనక్కేశాడు. అయినా వదల్లేదు. వాళ్ళిద్దరూ అటూ ఇటూ అంటూనే ఉన్నారు. ఎండెక్కుతోంది. నాకు విసుగొచ్చింది. పడవలోకి వెళ్ళి గోనెసంచులు రెండు నీళ్ళలో ముంచి తెచ్చి ఆ తాబేలు మీద కప్పేశాను.

"ఇంక ఎండ తగల్దు. పదండి" అన్నాను.

జాలితో చెయ్యలేదు. వాళ్ళ మాటలు తొందరగా తెమిలితే చాలనుకున్నాను. తాబేలు తల పల్లంవైపు పడి ఉంది. సరిచేసి తూర్పుకి తిప్పమన్నాడు మావయ్య. తిప్పినట్టు చేసి వదిలేశాను. నలభై కేజీలు తిప్పే ఓపిక లేదు.

మర్నాడు పొద్దున్న మేం వెళ్ళేసరికి గోనెలు అక్కడ లేవు. తాబేలూ లేదు.

"ఎత్తుకుపోయారు దొంగనాయాళ్ళు" అన్నాడు మావయ్య. తాబేలు మాంసం తినేవాళ్ళు కొందరున్నారు. "అందుకేనమ్మాయ్ ఎంటనే పూడ్చమనేది. ఆ కుర్రోడి మాటిన్నందుకు…"

అంటూ అంటూ ఆగిపోయాడు. గోనె ఒకటి పదడుగుల అవతల ఇసుకలో కూరుకుపోయి ఉంది. అక్కడినుంచి నీళ్ళదాకా ఇసుక మీద జాడ ఉంది. ఎడమవైపు ఒక గీత, కుడివైపు ఒక గీత, మధ్యలో పొట్ట ఈడ్చిన బాట. గుడ్లు పెట్టి వెనక్కి వెళ్ళే తాబేలు జాడ ఎలా ఉంటుందో మాకు తెలుసు. మనిషి అడుగు ఒక్కటి లేదు. నక్క అడుగూ లేదు.

మావయ్య ఆ జాడ పక్కనే నడిచాడు. దాని మీద కాలు పడకుండా చూసుకుంటూ, నీళ్ళదాకా వెళ్ళి నిలబడ్డాడు. తరవాత వెనక్కి వచ్చి నేను చెయ్యి పెట్టేలోపే ముందురోజు పూడ్చినదాని గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు.

"మావయ్యా, నడుం" అన్నాను.

వినలేదు. రెండు చేతులతో తవ్వాడు. డిప్ప తగిలింది. పసుపు ఇంకా అలాగే ఉంది. తలవైపు ఇసుక తీశాడు. మేం తూర్పుకి పెట్టిన తల ఉత్తరానికి తిరిగి ఉంది. ముందుకాలు ఒకటి పైకి వచ్చి, ఇసుకలో తన చుట్టూ కొంచెం చోటు చేసుకుని ఉంది. దాని నోట్లో ఇసుక ఉంది.

అది అప్పటికి నిజంగానే చచ్చిపోయింది.

మావయ్య దాని తల మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. నేను నిలబడి చూస్తున్నాను. నాకేమీ అనిపించలేదు. అనిపించకపోవడం మాత్రం ఇప్పటికీ గుర్తుంది. మావయ్య చేతుల మీద రక్తం వస్తోంది, గవ్వలు కోసుకున్నాయి, కడుక్కుంటే బాగుండును అనుకున్నాను.

ఉమామహేశ్వరం పడవ దిగి పరిగెత్తుకుంటూ వచ్చాడు. జాడ చూసి ఎగిరి గంతేసినంత పని చేశాడు. "బతికిందండీ! అమ్మన్న గారూ, అది బతికి వెళ్ళిపోయిందండీ! పుస్తకాల్లో చదివానండీ నేను. ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోతే స్పృహ తప్పుతాయి, అచ్చం చచ్చినట్టే ఉంటాయి. తల పల్లానికి పెట్టి, ఒళ్ళు ఆరకుండా ఉంచితే…"

అప్పుడు గొయ్యి చూశాడు.

"ఎంతసేపు?" అన్నాడు మావయ్య.

"ఏంటండీ?"

"ఎంతసేపు సూడాలండి?"

"కొన్ని గంటలండీ. ఒక్కోసారి రోజంతా పట్టవచ్చు." అతను మెల్లగా అన్నాడు. "మీరు తెలిసి చెయ్యలేదు కదండీ."

మావయ్య మళ్ళీ ఇసుక కప్పాడు. ఈసారి "పో తండ్రీ" అనలేదు. మేట మీద అంతకు ముందు మేం పూడ్చినవి ఇరవైకి పైనే ఉన్నాయి. అన్నింటి మీదా ఇసుక ఒకేలా ఉంది.

తిరుగు పోటు మీద ఇంటికి వస్తున్నాం. మావయ్య చుక్కాని దగ్గర, నేను తాడు దగ్గర. మడచెట్ల మధ్యకి వచ్చేసరికి నాలో ఒక మాట పుట్టింది. నెమ్మదిగా పుట్టింది, నా ఇష్టంతో పని లేకుండా. నా పిల్ల ఏడవలేదు. కదలలేదు. ఏడవలేదని, కదలలేదని తువ్వాల్లో చుట్టి ఇచ్చేశారు. కనబడగానే పూడ్చే మనిషి చేతికి ఇచ్చారు.

నేను మావయ్య వైపు చూశాను. ఆయన నా వైపు చూడకుండా అవతలి ఒడ్డు చూస్తున్నాడు. ఆయనకీ అదే మాట వచ్చిందని నాకు తెలిసిపోయింది. పడవలో నీళ్ళు చేరుతున్నాయి, తోడాలి, చెయ్యి లేవలేదు.

ఆ తరవాత నాలుగు రోజులు మావయ్య పడవ ఎక్కలేదు. అరుగు మీద వల చిల్లులు కుట్టుకుంటూ కూర్చున్నాడు. చిల్లులు లేని చోట కూడా దారం పోనిచ్చాడు. అత్త జ్వరం అనుకుని మిరియాల కషాయం పెట్టింది. తాగాడు.

మంగళవారం అత్త సంతకి గంపలు సర్దుకుంటుంటే దగ్గరికెళ్ళి అడిగాను.

"అత్తా, పిల్ల ఏడవలేదా?"

అత్త చెయ్యి చేపల మీద ఆగిపోయింది. "ఏం మాటే అది ఇప్పుడు?"

"ఏడవలేదా?"

"ఏడిత్తే ఇచ్చేత్తామా ఏంటి? మంత్రసాని కాళ్ళు పట్టుకుని కొట్టింది. నీలంగా ఉంది. ఏడవలేదు."

"ఎంతసేపు సూశారు?"

"ఎంతసేపేంటి? నువ్వు అక్కడ నెత్తురు పోయి పడున్నావు. నిన్ను సూడనా, దాన్ని సూడనా?" అత్త గొంతు పెద్దదయ్యింది. ఇంకా పెద్దది కాబోయి విరిగిపోయింది. గంప నెత్తికెత్తుకుని గబగబా వెళ్ళిపోయింది. ఆ రోజు సంతలో చేపలు ఎవరికో సగం ధరకే ఇచ్చేసిందని తరవాత తెలిసింది.

ఆవిడ మీద నాకు కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేదనుకున్నాను.

ఆ వారమే మా ఆయన దిగాడు. మధ్యాహ్నం తండ్రీ కొడుకులు పక్కపక్కన కూర్చుని అన్నం తింటున్నారు. నేను వడ్డిస్తున్నాను. ఈసారి రొయ్య బాగా పడిందని చెబుతున్నాడు మా ఆయన.

"తాంబేళ్ళో?" అన్నాను.

"అవీ పడతాయి. లాగిన లాగుకల్లా ఒకటో రెండో. సచ్చినవే. తోసేత్తాం."

"సచ్చినయ్యని ఎలా తెల్సు?"

"కదలవు గదా."

మావయ్య చెయ్యి కంచంలోనే ఆగింది. లేచి, చెయ్యి కడుక్కుని, బయటికి వెళ్ళిపోయాడు. మజ్జిగ కూడా పోసుకోలేదు.

"ఏమయ్యింది నాన్నకి?"

"కదలకపోతే సచ్చినట్టేనా?" అన్నాను.

మా ఆయన తలెత్తి నా మొహం చూశాడు. పిల్ల పోయిన దగ్గర్నుంచీ తిన్నగా చూడటం అదే మొదలు. ఆయన కళ్ళ కింద నల్లగా ఉంది. ఇన్నాళ్ళూ నేనూ ఆయన మొహం చూడలేదని అప్పుడు తెలిసింది. మేట మీద జాడ సంగతి, గొయ్యి సంగతి, ఉమామహేశ్వరం చెప్పింది అంతా చెప్పాను. పిల్ల మాట నేను ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు.

"ఈసారి తోసెయ్యకు. తల పల్లానికి పెట్టి, గోనె తడిపి కప్పి, ఒక్కరోజు ఉంచు."

నవ్వడానికి చూశాడు. "డెక్కు మీద తాంబేలుకి పక్కెయ్యమంటావా? డ్రైవరు ముందు నన్ను తోసేత్తాడు."

"తోసేత్తే ఈదుకుంటా వచ్చెయ్యి."

ఈసారి నిజంగానే నవ్వాడు, ముక్కుతో, ఒక్కసారి. వెళ్ళేటప్పుడు పెరట్లో ఉన్న గోనెసంచుల్లో మూడు మడతపెట్టుకుని చంకలో పెట్టుకోవడం నేను చూశాను. చూడనట్టు ఊరుకున్నాను.

అయిదో రోజున మావయ్య పడవ దింపాడు. పడవ నిండా గోనెలు. పసుపు, కుంకుమ పొట్లాలు తీసుకోలేదు. అత్త గుర్తు చేస్తే "ఎందుకులే" అన్నాడు. ఇంకో కొత్త పద్ధతి కూడా పెట్టాడు. వలలో పనికిరాని ముక్క కోసి నీళ్ళలోకి విసరడం మాకు తాతల నాటి అలవాటు. ఆ ముక్కలు ఇంటికి తెచ్చి పొయ్యిలో వెయ్యమన్నాడు. నైలాను కాలిన కంపుకి అత్త రోజూ అరిచేది. అయినా వేసేది.

ఫాల్గుణమంతా మేం మేట మీద కాపలా కూర్చున్నాం. వేట నాలుగోవంతుకి పడిపోయింది. పక్క పడవలవాళ్ళు అమ్మన్నకి మతిపోయిందన్నారు. చచ్చిన దేవుళ్ళని పూడ్చకుండా నీళ్ళు పోసి ఆటలాడుతున్నాడు, ఊరికి అరిష్టం అని ఒక పెద్దమనిషి ఇంటికొచ్చి మరీ కేకలేసి వెళ్ళాడు. ఉమామహేశ్వరం మాత్రం రోజూ వచ్చి మాతోపాటు కూర్చునేవాడు, మా చద్దన్నంలో వాటా తినేవాడు. గోనె కింద పెట్టినవి పదహారు. లేచి నీళ్ళలోకి వెళ్ళినవి మూడు. అతను దాన్ని గొప్పగా రిజిస్టరులో రాసుకున్నాడు. బోట్లు ఆ ఏడు దూరంగా జరగలేదు. ఆ తరవాత చాలా ఏళ్ళదాకా కూడా జరగలేదు.

మా ఆయన దిగినప్పుడు గుమ్మంలో చెప్పులు విడుస్తూ, అదేదో పెద్ద విషయం కానట్టు చెప్పాడు. "మూడు ఉంచాను. ఒకటి ఎల్లిపోయింది. డ్రైవరు నా ఏడు తరాలనీ తిట్టాడు." నేను నీళ్ళ చెంబు చేతికిచ్చాను. ఆ రెండు రోజులూ ఆయన ఇంట్లోనే ఉన్నాడు, కల్లు కోసం కూడా బయటికి పోలేదు.

ఫాల్గుణం చివర, ఎండ ముదిరాక, తాబేళ్ళు రావడం తగ్గింది. ఒకరోజు ఒక్కటే వచ్చింది. ఉమామహేశ్వరం ఆ రోజు కాకినాడ వెళ్ళాడు. తాబేలు తల పల్లానికి పెట్టి, గోనె కప్పి, నేనూ మావయ్యా చెరోవైపు కూర్చున్నాం. నీళ్ళు తెస్తున్నాం, పోస్తున్నాం. మధ్యాహ్నం అయ్యింది. కదలలేదు.

అప్పుడు అడిగాను.

"మావయ్యా. పిల్లని ఎంతసేపటికి పెట్టేశావు?"

ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు ఆయన ఉలిక్కిపడలేదు. గోనె అంచు సర్దాడు.

"పొద్దున్న పదింటికి మీ అత్త నా సేతిలో పెట్టింది. బేగా తీసుకెల్లిపో, కోడలికి తెలివొచ్చేలోగా అంది. గట్టు దిగి పడవలో కూసున్నాను. పలుగు పక్కనే ఉంది. సెయ్యి రాలేదమ్మాయ్. గుండె మీద సెయ్యేసి సూశాను. అరికాళ్ళు గోకాను. నోట్లో ఏలెట్టి తీశాను. నా సొక్కా ఇప్పి కప్పాను, సలవ సెయ్యకుండా."

"ఎంతసేపు?"

"పొద్దుగూకేదాకా."

నేను గోనె మీద నీళ్ళు పోశాను.

"కదుల్తాదేమోనని సూశాను. అప్పుడప్పుడూ కదిలినట్టే ఉండేది. పడవ ఊగితే అలా అనిపిత్తాది గదా. మద్దేనానికి ఏళ్ళు బిగుసుకుపోయాయి. అయినా కూసున్నాను. ఇంటికొత్తే మీ అత్త, ఇంతసేపా, తాగొచ్చావా అంది. అవునన్నాను. పీనుగుని ఒళ్ళో ఎట్టుకుని పొద్దంతా కూసున్నానని ఎవరికి సెప్పుకుంటాం?"

ఆయన చేతులు గోనె మీదే ఉన్నాయి. గోతులు తవ్వి తవ్వి గోళ్ళన్నీ అరిగిపోయిన చేతులు.

"మరి ఈటిని సూడలేదేం మావయ్యా? ఒక్కదాన్నన్నా?"

ఆలోచించాడు. నన్ను ఓదార్చడానికి కాదు, నిజంగానే జవాబు వెతుక్కుంటున్నాడు.

"ఈటిని దేవుళ్ళనుకున్నానమ్మా" అన్నాడు. "దాన్ని మన పిల్లనుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది. కార్తీకం నుంచి ఎక్కడుందో తెలియదు, అంతా ఒక్కసారే వచ్చింది. ఇసుకలో బోర్లాపడి ఏడ్చాను. నోట్లోకి ఇసుక పోయింది, ముక్కులోకి పోయింది, ఆపుకోవాలనిపించలేదు. నా పిల్ల కోసం ఏడ్చాను, మా చేతులతో పూడ్చినవాటి కోసం ఏడ్చాను, దేనికి ఎంత ఏడ్చానో విడదీయలేను. మావయ్య ఊరుకోమనలేదు. లేచి వెళ్ళి డబ్బాతో నీళ్ళు తెచ్చి, నన్ను చుట్టి అవతలివైపుకి వెళ్ళి, గోనె మీద పోశాడు. మళ్ళీ వెళ్ళి తెచ్చాడు.

పొద్దుగూకేదాకా చూశాం. అది లేవలేదు. అప్పుడు గొయ్యి తీశాం.